నేల, గోడ అడుగు మాత్రమే పగలగొట్టాం: తక్కువ డబ్బుతో, ఇంటివాళ్ల చేతులతో జరిగిన ఒక బాత్రూమ్ రిపేరు

పరిస్థితి

ఇల్లు కట్టి ఇరవై ఏళ్లు దాటింది. పై అంతస్తులో పడకగదిని ఆనుకుని ఒక బాత్రూమ్, పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు. పడకగది వైపు గోడకి నేల నుంచి మోకాలి ఎత్తు దాకా రంగు ఉబ్బి, పెచ్చులు లేచి, లోపలి నుంచి తెల్లటి ఉప్పు బయటికి వచ్చింది. ఇంటివాళ్లు గీకి, పుట్టీ పెట్టి, రంగు వేశారు. కొన్ని నెలలకే మళ్లీ ఉబ్బింది. ఈసారి నీళ్లు పట్టనివ్వదని చెప్పిన ఖరీదైన పెయింట్ తెచ్చి వేశారు. అది ఇంకా పెద్ద పొరలుగా ఊడింది.

నన్ను పిలిచేసరికి వాళ్ల చేతిలో ఒక కాంట్రాక్టరు ఇచ్చిన ఎస్టిమేట్ ఉంది. మొత్తం పగలగొట్టి, సీలింగ్ దాకా కొత్త టైల్స్, కొత్త కమోడ్, కొత్త బేసిన్, కొత్త కుళాయిలు, పైన ఫాల్స్ సీలింగ్. గోడ ఎందుకు చెమ్మెక్కుతోందో అన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు. ‘వాటర్‌ప్రూఫింగ్’ అని మాత్రం ఒక లైను ఉంది. ఏ పదార్థం, ఎన్ని పూతలు, ఎంత ఎత్తు వరకు అన్న వివరం లేదు. ఆ మొత్తంలో మూడో వంతు మాత్రమే వీళ్ల దగ్గరుంది. అప్పు చేసే ఉద్దేశం లేదు. భార్య, భర్త, ఆవిడ తమ్ముడు ముగ్గురూ సెలవు రోజుల్లో పని చేయడానికి సిద్ధంగా ఉన్నారు. ముగ్గురిలో ఎవరూ అంతకు ముందు తాపీ పట్టుకోలేదు.

నేను పాత ఇళ్ల రిపేర్లు చూసే సివిల్ ఇంజనీరుని. ఇలాంటి కేసుల్లో ఏం పగలగొట్టాలో, ఏం ముట్టుకోకూడదో చెప్పి, కీలకమైన దశల్లో వచ్చి చూసి వెళ్లడం వరకే నా పాత్ర. ఈ కేసుని ఒప్పుకోవడానికి ఒక కారణం కింది అంతస్తులో ఇంకో బాత్రూమ్ ఉండటం. ఇంట్లో ఉన్నది ఒక్కటే అయితే సెలవు రోజుల్లో నెమ్మదిగా చేసుకునే వీలుండదు. సిమెంట్ ఆరకముందే, కోటింగ్ గట్టిపడకముందే వాడేయాల్సి వస్తుంది. అలాంటి ఇంటికైతే నేను ఈ పద్ధతి చెప్పను.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు అందరూ మొదట చూసేది ఏ టైల్ చవక, ఏ కుళాయి చవక అని. నా అనుభవంలో అసలు ఆదా అయ్యేది అక్కడ కాదు. చెమ్మకి కారణం ఖచ్చితంగా తెలిస్తే పగలగొట్టాల్సిన చోటు తగ్గుతుంది. పగలగొట్టేది తగ్గితే మిగతా ఖర్చులన్నీ దాని వెనకే తగ్గుతాయి. అందుకే కారణం తేలేదాకా ఏ సామానూ కొనవద్దని చెప్పాను. ఈ దశకి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, కావలసింది ఓపిక.

బాత్రూమ్ గోడ అవతల చెమ్మ కనిపిస్తే అనుమానించాల్సినవి నాలుగు: గోడలో ఉన్న నీళ్ల పైపు, కింద మురుగు పైపు, నేల, గోడ టైల్స్ మధ్య సందులు. గాలిలోని తేమ చల్లటి గోడ మీద పట్టడం అనే ఐదోది కూడా ఉంది. దాన్ని ముందుగా తీసేయడం తేలిక. పడకగది గోడ మీద ఉప్పు దులిపి, ఒక ప్లాస్టిక్ షీటు ముక్కని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించాం. ఒకటి రెండు రోజుల తర్వాత షీటు పైముఖం మీద తడి ఉంటే అది గదిలోని తేమ. షీటు వెనక, గోడ వైపు తడి ఉంటే గోడలోంచి వస్తున్నట్టు. ఇక్కడ వెనకే తడి.

తర్వాత నీళ్ల పైపు. రాత్రి పడుకునే ముందు ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటర్ ముల్లు ఎక్కడుందో రాసుకుని, పొద్దున ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడాలి. మిద్దె మీద ట్యాంకు నుంచి నీళ్లు వచ్చే ఇళ్లలో మీటరు ఒక్కటే చూస్తే సరిపోదు. ట్యాంకులోకి వచ్చే నీళ్లు ఆపి, లోపల నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి, పొద్దున చూడాలి. వీళ్లది ట్యాంకు. మట్టం కదల్లేదు. పైపు నుంచి నీళ్లు పోవడం లేదని అప్పటికి తేలింది.

మురుగు పైపు విషయంలో అదృష్టం కలిసొచ్చింది. కింది బాత్రూమ్ సరిగ్గా దీని కిందే ఉంది కాబట్టి స్లాబు కింద వేలాడే పైపులన్నీ కళ్లకి కనిపిస్తాయి. నేల తడవకుండా గరాటు పెట్టి రంగు కలిపిన నీళ్లు నేరుగా, నేల మీది నీళ్లు దిగిపోయే నహానీ ట్రాప్‌లోకి పోశాం. కింద ఎక్కడా రంగు చుక్క కనిపించలేదు. కానీ పైపు స్లాబులోంచి బయటికి వచ్చే చోట చుట్టూ పాత పసుపు మరక ఒకటి ఉంది. పైపు మంచిదే. దాని చుట్టూ ఉన్న సందు మాత్రం మంచిది కాదు.

ఇక నేల. వారం పాటు ఆ బాత్రూమ్ వాడకం ఆపించాను. పడకగది గోడ మీద చెమ్మ ఎంతవరకు ఉందో పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాం. వాడకం ఆగాక చెమ్మ గీత కంటే లోపలికి తగ్గింది. అప్పుడు ట్రాప్ మూతి మూసేసి నేల మీద రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు నిలబెట్టాం. గోడల మీద ఒక్క చుక్క చల్లలేదు. మర్నాటికి చెమ్మ గీతను దాటింది. పైగా నీళ్లు పోసేటప్పుడే ఇంకో విషయం బయటపడింది: నీళ్లు ముందు నిండింది ట్రాప్ దగ్గర కాదు, పడకగది గోడ మూలలో. అంటే నేల వాలు వెనక్కి ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ నీళ్లు ఆ మూలకి చేరి, నేల-గోడ కలిసే చోట విడిపోయిన సందులోంచి దిగి గోడ అడుగున చేరుతున్నాయి.

చివరగా గోడ టైల్స్‌ని నాణెంతో ఒక్కొక్కటిగా తట్టించాను. ఆవిడ తమ్ముడు డొల్ల శబ్దం వచ్చిన ప్రతి టైల్ మీదా చాక్‌పీసుతో గుర్తు పెట్టాడు. కింది రెండు వరసల్లో సగానికి పైగా డొల్ల. పై వరసల్లో ఎక్కడో ఒకటీ అరా.

“అంటే అక్కా, పై టైల్స్ ఏం చెయ్యక్కర్లేదా?” అన్నాడు అతను.

“అవే నాకు నచ్చనివి,” అందావిడ.

నిజమే, ఆ పూల టైల్స్ చూడటానికి బాగోవు. కానీ బాగోకపోవడం వేరు, పాడవడం వేరు. ఈ రెండింటినీ ఒకే ఎస్టిమేట్‌లో కలిపేస్తేనే కాంట్రాక్టరు చెప్పిన అంకె వస్తుంది.

ఏది ఉంచాం, ఏది తీశాం

డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ప్రతి వస్తువుకీ ఒకే పరీక్ష పెట్టాం: తర్వాత దీన్ని పగలగొట్టకుండా మార్చుకోగలమా? కుళాయి, షవర్, అద్దం, లైటు, తలుపు రంగు, ఇవన్నీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కాబట్టి పాతవే ఉంటాయి, కుళాయిల్లో వాషర్లు మాత్రం మారతాయి. ట్రాప్, నేల వాలు, వాటర్‌ప్రూఫింగ్, గోడలో పైపు, ఇవి టైల్స్ కిందికి వెళ్లిపోతే మళ్లీ చూడాలంటే సుత్తి పట్టుకోవాల్సిందే. వీటిలో రాజీ పడకూడదు. టైల్స్ ఈ రెంటికీ మధ్య ఉంటాయి. రకం చవకదైనా ఫర్వాలేదు, అంటించే అడ్హెసివ్ చవకది కాకూడదు.

నేల మొత్తం, గోడల మీద కింది రెండు వరసలు, అంతే పగలగొట్టాలని నిర్ణయం. కమోడ్ ఊడదీసి అదే మళ్లీ, అదే చోట బిగించాలి, కొత్త రబ్బరు సీలుతో. దాన్ని రెండడుగులు పక్కకి జరపాలన్న కోరిక ఒకటి వాళ్లకి ఉండేది. కమోడ్ జరిగితే స్లాబులో కొత్త కన్నం, కింద కొత్త పైపు, దానికి వాలు, కింది సీలింగ్ రిపేరు అన్నీ కావాలి. తక్కువ బడ్జెట్ బాత్రూమ్‌లో మురుగు పైపుల జాగా మార్చకూడదన్నది నేను ఎవరి కోసమూ సడలించని నియమం.

పాత గోడ టైల్స్‌కి జత దొరకదు, ఇరవై ఏళ్ల నాటి డిజైను. దొరికీ దొరకనట్టు దగ్గరి రంగు వెతికితే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. అందుకని కింది రెండు వరసలకీ నేలకీ ఒకే ముదురు బూడిద రంగు తీసుకున్నారు. నేల రంగే గోడ మీదికి ఎక్కినట్టు ఉంటుంది, కావాలని చేసిన పట్టీలా కనిపిస్తుంది. దుకాణాల్లో ఆఖరి పెట్టెలుగా మిగిలిపోయిన సరుకు ఇలాంటి చిన్న నేలలకి సరిపోతుంది. చూసుకోవాల్సింది రెండే: పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటే ఉండాలి, లెక్క కంటే పదో వంతు ఎక్కువ కొనాలి. నేల టైల్ గరుకుగా, చిన్న సైజులో ఉండాలని పట్టుబట్టాను. పెద్ద టైల్ వాలుకి తగ్గట్టు వంగదు కదా, ఐమూలగా కోయాల్సి వస్తుంది. కొత్తగా నేర్చుకునే చేతులకి ఆ కోతలు కష్టం.

మొత్తం డబ్బులో ఐదో వంతు తీసి పక్కన పెట్టించాను. దాన్ని బడ్జెట్‌లో రాయొద్దు, అసలు లేదనుకోండి అన్నాను. ఇంటాయనకి అది నచ్చలేదు. “ఆ డబ్బుతో మంచి షవర్ వచ్చేది సార్,” అన్నారు. పాత గోడ విప్పాక లోపల ఏముంటుందో ముందే చెప్పగలిగిన మనిషి నాకింతవరకు తారసపడలేదు.

పగలగొట్టడం

ఇది వాళ్లే చేశారు. మెషీన్ వద్దన్నాను. పెద్ద బ్రేకర్ అదురుకి ఉంచాలనుకున్న పై టైల్స్ కూడా వదులవుతాయి, స్లాబు దెబ్బతింటుంది. చేతి సుత్తి, ఉలి చాలు. ముందుగా రెండో వరసకీ మూడో వరసకీ మధ్య ఉన్న గ్రౌట్ గీతని, అంటే టైల్స్ సందు నింపిన సిమెంట్‌ని, రంపపు బ్లేడుతో పూర్తిగా కోసేయాలి. అప్పుడు కింద పడే దెబ్బ పైకి పాకదు. డొల్లగా ఉన్న టైల్ నుంచి మొదలుపెట్టి, ఖాళీ అయిన వైపు నుంచి పక్క టైల్ కిందికి ఉలి ఏటవాలుగా పోనిస్తే సులువుగా వస్తాయి. మూసిన ట్రాప్ మీద అదనంగా గుడ్డలు కుక్కి పైన చెక్క ముక్క పెట్టాలి. ఒక్క గచ్చు ముక్క లోపల పడ్డా తర్వాత ప్లంబరుకి కట్టే డబ్బు పగలగొట్టడంలో మిగుల్చుకున్న దానికంటే ఎక్కువ.

కళ్లద్దాలు, చేతి తొడుగులు, దుమ్ము ఆపే మంచి మాస్కు, ఈ మూడూ లేకుండా మొదలుపెట్టనివ్వలేదు. టైల్, సిమెంట్ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. మామూలు గుడ్డ అడ్డం కట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు. మధ్యమధ్యలో నీళ్లు చిలకరిస్తూ కొట్టాలి. టైల్స్ కోసేటప్పుడు కూడా నీళ్లతో కోసే కట్టరే వాడాలి. దాన్ని అద్దెకి తెచ్చుకున్నారు.

కొత్తవాళ్లు ఎవరూ ముందు ఊహించనిది చెత్త బరువు. 3.6 చదరపు మీటర్ల నేల, టైల్‌తో కలిపి కింద గచ్చు మందం 7 సెంటీమీటర్లు. అంటే పావు ఘనపు మీటరు, బరువు దాదాపు అర టన్ను. గోడ టైల్స్ అదనం. ఇదంతా సంచుల్లో నింపి పడకగదిలో ఒక మూల పేర్చబోతుంటే ఆపాను. పై అంతస్తులో ఒక్క చోట అంత బరువు పోగేయకూడదు. సంచి సగం మాత్రమే నింపాలి, నిండగానే కిందికి దించాలి. మోసే కూలీని పెట్టుకోవడానికి డబ్బు లేకపోతే ఆ దించే పనికి కూడా ఒక పూట లెక్కవేసుకోవాలి.

గోడ కింది వరసలు తీశాక పక్కన పెట్టిన డబ్బుకి పని పడింది. మోకాలి ఎత్తులో, ప్లాస్టరు లోపల, పాత ఇనప పైపు ఎల్బో (మలుపు ముక్క) ఒకటి తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తోంది. ట్యాంకు పరీక్షలో దొరకలేదంటే కారడం ఇంకా మొదలవలేదు. నేల నుంచి వచ్చే చెమ్మలో ఏళ్ల తరబడి నాని బయటి వైపు నుంచి తినేసింది. దీన్ని అలాగే ఉంచి మీద కొత్త టైల్ వేస్తే ఒకటి రెండేళ్లలో మళ్లీ అక్కడే పగలగొట్టాలి. పాత మరలు తిప్పబోతే పక్క జాయింట్లు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి ఇది వాళ్ల చేతికి ఇవ్వలేదు. ప్లంబరుని పిలిచి, వాల్వు నుంచి కుళాయిల దాకా ఆ గోడలో ఉన్న పైపంతా సీపీవీసీకి, అంటే తుప్పు పట్టని ప్లాస్టిక్ పైపుకి, మార్పించాం. అతనితోనే ట్రాప్ కూడా మార్పించాం. లోపల 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలిచేది తీసుకున్నాం. అంతకంటే తక్కువ లోతున్న ట్రాపుల్లో నీళ్లు త్వరగా ఆవిరైపోయి వాసన పైకి వస్తుంది.

గోడ మూసే ముందు పైపులో నీళ్లు నింపి ప్రెషర్ మీద రాత్రంతా ఉంచి, ప్రతి జాయింటుకీ పొడి టిష్యూ కాగితం చుట్టించాను. పొద్దున కాగితం చెమ్మగా ఉంటే ఆ జాయింటు కారుతున్నట్టు. అన్నీ పొడిగానే ఉన్నాయి. ఆవిడ టేపు గోడకి ఆనించి, పైపు ఎక్కడెక్కడ వెళ్తోందో కొలతలు కనిపించేలా ఫొటోలు తీసిపెట్టుకుంది. రేపు అద్దం కోసం మేకు కొట్టాల్సి వస్తే ఆ ఫొటోలే ఆధారం.

వాలు, వాటర్‌ప్రూఫింగ్

ఈ కేసులో అసలు పని ఇదే. మిగతాదంతా దీనికి ముందూ వెనకా జరిగేది.

ట్రాప్ పైపు చుట్టూ స్లాబులో ఉన్న పాత సిమెంట్ తవ్వి, శుభ్రం చేసి, కుంచించుకుపోని గ్రౌట్ పోశాం. మామూలు సిమెంట్ ఇసుక మాలు ఆరేటప్పుడు కొంచెం కుంచించుకుంటుంది, పైపు చుట్టూ వెంట్రుకవాసి సందు వదులుతుంది. పాత పసుపు మరకకి కారణం ఆ సందే.

తర్వాత వాలు. 80 మిల్లీమీటర్ల దూరానికి 1 మిల్లీమీటరు దిగాలన్నది మేం తీసుకున్న లెక్క. దూరపు మూల నుంచి ట్రాప్ దాకా 2 మీటర్లు, అంటే 25 మిల్లీమీటర్ల దిగుడు. 100కి 1 ఉన్నా నీళ్లు పోతాయి, కానీ కొత్త చేతులు వేసే నేలలో చిన్న చిన్న పల్లాలు తప్పవు, కాస్త ఎక్కువ వాలు వాటిని క్షమిస్తుంది. అంతకంటే ఎక్కువైతే నిలబడ్డప్పుడు పాదాలకి తెలుస్తుంది. గోడల చుట్టూ నీళ్ల ట్యూబుతో మట్టం గీత కొట్టి, ఆ గీత నుంచి ప్రతి చోటా కిందికి ఎంత ఉండాలో రాసి, అక్కడక్కడా మాలు ముద్దలు పెట్టి వాటి తలలు ఆ కొలతకి సరిచేశాం. తర్వాత ముద్దల మధ్య నింపి పొడవాటి అల్యూమినియం పట్టీతో లాగడమే. రసమట్టం ఒక్కటే పెట్టి కంటితో వాలు పట్టడం మేస్త్రీలకి వస్తుంది, కొత్తవాళ్లకి రాదు. గుమ్మం దగ్గర కొత్త నేల, టైల్ మందం కూడా కలుపుకుని, పడకగది నేల కంటే 2 సెంటీమీటర్లు దిగువన ఉండేలా చూశాం. ఈ కొలత ముందే వేసుకోకపోతే చివర్లో తలుపు అడుగు కోసుకోవాలి.

వేసిన గచ్చుని వారం రోజులు తడిగోనెలతో తడిపారు. సెలవు రోజుల్లోనే పని అన్న పద్ధతికి ఇదొక మేలు. తడపాల్సిన రోజులు వాటంతటవే వచ్చి పడతాయి. తొందర మీదున్న పనివాళ్లకి ఆ వెసులుబాటు ఉండదు.

వాటర్‌ప్రూఫింగ్‌కి పొడి, ద్రవం రెండూ కలిపి బ్రష్‌తో పూసే పాలిమర్ సిమెంట్ కోటింగ్ వాడాం. గచ్చులో కలిపే ద్రావకం ఒక్కటే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. అది మాలులో నీళ్లు పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది, పగులు వస్తే దాన్ని ఆపలేదు. బాత్రూమ్‌లో నీళ్లు దిగేది పగుళ్లలోంచీ మూలల్లోంచీ. కోటింగ్‌కి కాస్త సాగే గుణం ఉంటుంది.

మూలల్లో, అంటే నేల గోడ కలిసే చోట, మాలుతో చిన్న గుండ్రటి వంపు చేశాం. నిటారు మూలలో కోటింగ్ పలచగా పడి అక్కడే చీలుతుంది. ఉపరితలం తడిగా ఉండాలి, నీళ్లు నిలిచి ఉండకూడదు. మొదటి కోటు ఒక దిశలో. అది తడిగా ఉండగానే మూలల్లోనూ ట్రాప్ చుట్టూనూ ఫైబర్ మెష్ పట్టీ పరిచి బ్రష్‌తో అదిమి పొదిగించాలి. ఆరాక రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. ఒకే దిశలో రెండుసార్లు వేస్తే బ్రష్ వదిలేసిన చోట్లు రెండోసారీ వదిలిపోతాయి. గోడ మీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కించాలి. మేం తెరిచిన రెండు వరసల ఎత్తు మొత్తం, పాత టైల్ అంచు దాకా తీసుకెళ్లాం. డబ్బాలో ఉన్నది ఎన్ని చదరపు మీటర్లకి వస్తుందో దాని మీదే రాసి ఉంటుంది. అంతకంటే ఎక్కువ చోటుకి వచ్చిందంటే ఆదా అయినట్టు కాదు, పలచగా వేసినట్టు.

కోటింగ్ పూర్తిగా గట్టిపడేందుకు డబ్బా మీద రాసిన గడువంతా ఆగి, ట్రాప్ మూసి మళ్లీ నీళ్లు నిలబెట్టాం. కనీసం 24 గంటలు ఉంచాలి, వీళ్లు దానికి రెట్టింపు ఉంచారు. మట్టం కొంచెం తగ్గింది. ఆయనకి టెన్షన్ మొదలైంది. అందుకే ముందే పక్కన వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి గుర్తు పెట్టించాను. టబ్బులోనూ అంతే తగ్గింది, అంటే అది ఆవిరి. కింద బాత్రూమ్ సీలింగ్ పొడిగా ఉంది, పడకగది వైపు పెన్సిల్ గీత దాటి ఏమీ రాలేదు. ఈ పరీక్ష చేయకుండా టైల్స్ మొదలుపెట్టనివ్వడం నాకు కుదరదు. ఇక్కడ తప్పు దొరికితే ఒక డబ్బా కోటింగ్‌తో పోతుంది, టైల్స్ వేశాక దొరికితే ఈ కేసంతా మళ్లీ మొదటికి.

ఈ పద్ధతిలో ఒక బలహీనత ఉంది, అది ఇంటివాళ్లకి ముందే చెప్పాను. పై టైల్స్ వెనక కోటింగ్ లేదు. షవర్ నీళ్లు పాత గ్రౌట్ సందుల్లోంచి వెనక్కి పోతే కోటింగ్ వెనకగా కిందికి దిగొచ్చు. అందుకే షవర్ వైపు పాత గ్రౌట్ అంతా గీకి తీసి నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ నింపించాం. మామూలు గ్రౌట్ కంటే దాని ఖరీదు బాగా ఎక్కువ, చేయి కూడా వేగంగా ఆడాలి. కొత్త వరసకీ పాత వరసకీ మధ్య సందులో సిలికాన్ సీలెంట్ పెట్టాం. ఇది సీలింగ్ దాకా కోటింగ్ వేసిన గోడకి సమానం కాదు. ఉన్న డబ్బుకి ఇది తగిన రక్షణ, అంతవరకే.

టైల్స్

టైల్స్ గురించి అందరికీ ఉత్సాహం ఎక్కువ కాబట్టి నేను తక్కువ చెప్తాను. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత పొడి. కలిపాక ఐదు నిమిషాలు వదిలేసి మళ్లీ కలపాలి. గట్టిపడుతుంటే నీళ్లు కొట్టి మెత్తబరచకూడదు, పారేయాలి. పళ్లున్న తాపీతో గీతలన్నీ ఒకే దిశలో లాగాలి. టైల్ పెట్టి గీతలకి అడ్డంగా కొంచెం కదిలిస్తూ అదిమితే మధ్యలో గాలి పోతుంది. మధ్యమధ్యలో ఒక టైల్ ఎత్తి వెనక చూడాలి. తడి ఉండే చోట వెనక భాగం దాదాపు అంతా, 95 శాతం, అడ్హెసివ్ అంటి ఉండాలి. మధ్యలో ముద్దలు పెట్టి అతికించే పాత అలవాటు వల్లే ఆ కింది రెండు వరసలు డొల్లయ్యాయి.

తమ్ముడు ఉత్సాహంగా ఒకేసారి సగం నేలకి అడ్హెసివ్ పరిచేశాడు. సుమారు 20 నిమిషాల్లో పైన పొర కట్టేస్తుంది. వేలితో తాకితే వేలికి అంటకపోతే టైల్‌కీ అంటదు. ఆ భాగమంతా గీకి తీయాల్సి వచ్చింది. ఆ తర్వాత నాలుగైదు టైల్స్‌కి సరిపడా మాత్రమే పరుస్తూ వెళ్లాడు, ఆ నేల చాలా నీటుగా వచ్చింది. నేలకీ గోడకీ మధ్య గీతలో గ్రౌట్ కాకుండా సిలికాన్ నింపాలి. రెండు వేర్వేరు తలాలు వేర్వేరుగా కదులుతాయి, గట్టి గ్రౌట్ అక్కడ పగులుతుంది. పాత బాత్రూమ్‌లో నీళ్లకి దారి ఇచ్చింది అలాంటి పగులే.

కరెంటు

గీజర్ పాయింటు తనే మార్చుకుంటానని ఆయన అడిగారు. “ఇది మాత్రం వద్దండీ” అన్నాను. తడి గదిలో కరెంటు పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌దే. అతనితో ఆ లైనుకి 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి పడిపోయే బ్రేకర్ పెట్టించి, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో కొలిపించాం. ఇంత తక్కువ బడ్జెట్‌లో కూడా దీన్ని కోరిక జాబితాలో కాక తప్పనిసరి జాబితాలో రాయించాను.

పడకగది గోడ

“ఎప్పుడు రంగు వెయ్యొచ్చు సార్?” అని ఆవిడ నన్ను అడగని సారి లేదు.

నీళ్లు రావడం ఆగినంత మాత్రాన గోడ ఆరిపోదు. 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు నెల అన్నది పాత గోడలకి వాడుకలో ఉన్న మోటు లెక్క. గాలి ఆడితే కొంచెం ముందు, లేకపోతే ఇంకా ఆలస్యం. గుల్లబారిన ప్లాస్టరుని చెమ్మ కనిపించే గీత కంటే ఒక అడుగు పైదాకా కొట్టేయించి, ఇటుకని అలాగే తెరిచి వదిలేయించాను. బయటికి వచ్చే ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపి ఎత్తేయాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. దులిపితే కొత్త ఉప్పు రావడం ఆగాక, ప్లాస్టిక్ షీటు పరీక్ష మళ్లీ చేసి, వెనక తడి లేదని చూశాకే ప్లాస్టరు, అది కూడా ఆరాక రంగు. నీళ్లు పట్టనివ్వని పెయింట్ ఈసారి వాడనివ్వలేదు. గోడ ఊపిరి తీసుకోగలిగే మామూలు రంగు వేస్తే మిగిలిన తేమ దాని గుండా బయటికి పోతుంది. మొదట్లో ఖరీదైన పెయింట్ పెద్ద పొరలుగా ఊడటానికి కారణం కూడా తేమకి దారి లేకపోవడమే.

లెక్కలు, మిగిలిన పనులు

చివరికి అయిన ఖర్చు కాంట్రాక్టరు ఎస్టిమేట్‌లో మూడో వంతు లోపలే ఆగింది, పక్కన పెట్టిన ఐదో వంతులో చాలా భాగం పైపుకి పోయినా సరే. ఖర్చులో సగానికి దగ్గరగా టైల్స్ కింద కనపడకుండా ఉన్న వాటికే వెళ్లింది: ట్రాప్, పైపు, గచ్చు, కోటింగ్. జీతం ఇచ్చి చేయించినవి ప్లంబరు పని, ఎలక్ట్రీషియన్ పని మాత్రమే. సొంత కష్టాన్ని ఈ లెక్కలో వేయలేదు. కాంట్రాక్టరు మనుషులు ఒకటి రెండు వారాల్లో ముగించేది వీళ్లకి నెలలు పట్టింది. ఆ నెలల్లో ఇంట్లో దుమ్ము, పని మధ్యలో చిరాకులు, ఆదివారం విశ్రాంతి పోవడం ఇవన్నీ ఉన్నాయి. రోజు కూలీకి వెళ్లేవాళ్లో, సెలవు రోజుల్లో కూడా సంపాదించగలిగేవాళ్లో అయితే ఈ లెక్క మరోలా వస్తుంది. అలాంటప్పుడు పరీక్షలు సొంతంగా చేసుకుని, పగలగొట్టాల్సిన హద్దు గీసి ఇచ్చి, పని మేస్త్రీకి అప్పజెప్పడమే మేలని చెప్తాను.

పూల టైల్స్ ఇంకా ఉన్నాయి. డబ్బు కూడినప్పుడు వాటి మీదే కొత్తవి అతికించవచ్చు, గట్టిగా ఉన్న పాత టైల్‌ని గరుకు చేసి దానికి తగిన అడ్హెసివ్ వాడితే పట్టుకుంటుంది. కింది పట్టీని కదపక్కర్లేదు. మూలల్లో సిలికాన్‌ని ఏడాదికోసారి చూసుకుని, నల్లబడినా వదులైనా కోసి తీసి కొత్తది నింపుకోవాలి. మిగిలిన టైల్స్ అరపెట్టె మంచం కింద దాచుకున్నారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పాయింటు ఎలక్ట్రీషియన్ వదిలి వెళ్లాడు. ఫ్యాన్ ఇంకా కొనలేదు, అప్పటిదాకా స్నానం అయ్యాక కిటికీ తెరిచి ఉంచమన్నాను.